పడేవాళ్ళ అభిమాని

మొన్న తిరుపతిలో సినిమాకు వెళ్ళాం. పెద్ద సినిమా. హీరో ఒక్కడే ఓడరేవులో రౌడీల గుంపునంతా కొడుతున్నాడు. హాలంతా లేచి నిలబడింది. మా ఆయన కూడా లేచాడు. నేను కూర్చునే, ముందు సీట్ల సందులోంచి తెర అడుగున ఎడమ మూలకు చూస్తున్నాను. అక్కడ ఒక పసుపు చొక్కా మనిషి ఇనప పీపాల మీద వెల్లకిలా పడ్డాడు. కెమెరా అతన్ని వదిలేసి హీరో వెంట పోయింది. మళ్ళీ అటు తిరిగినప్పుడు అతను పక్కకు దొర్లి మోచేతి మీద ఆనుకుంటున్నాడు.

"హమ్మయ్య, లేచినాడు" అన్నాను పైకే.

"ఎవురు?" అన్నాడు మా ఆయన.

"పసుపు చొక్కా."

ఆయన నా ముఖంలోకి చూసి నవ్వాడు. "మీ అత్త యాడికీ పోలా. నీ పక్క సీట్లోనే ఉండాది" అన్నాడు.

అత్త పోయి ఏడాది కావస్తోంది.

అత్త అంటే మా నాయనకు అక్క. పుత్తూరులో ఆమె ఇల్లు. ఎముకలు విరిగినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో పుత్తూరుకు కట్టు కట్టించుకోవడానికి వస్తారు. అదే రోజు తిరిగి పోలేనివాళ్ళు నాలుగు రోజులు ఉండటానికి గది వెతుక్కుంటారు. మామ పోయాక అత్త కింది భాగంలో ఉన్న గదులను అలాంటివాళ్ళకే బాడుగకు ఇచ్చేది. ఆ ఇంటికి నడిచి వచ్చేవాళ్ళు తక్కువ. ఎవరో ఒకరు మోసుకొస్తే వచ్చి, కొన్నాళ్ళకు తమ కాళ్ళ మీద నడిచి పోయేవాళ్ళే ఎక్కువ. నేను వడమాలపేటలో బడిపంతులమ్మగా చేరినప్పుడు ఆ ఇంట్లోనే పైన ఉండి, రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. నా పెళ్ళయ్యేదాకా ఆమెకు సినిమా జోడు నేనే.

"సినిమా" అన్న మాట ఆమె నోట నేను విన్నది తక్కువ. శుక్రవారం పొద్దున్నే వంట ముగించి, తలకు స్నానం చేసి, తడి జుట్టుకు కింద చిన్న ముడి వేసుకొని, వరండాలో నిలబడి బాడుగవాళ్ళందరికీ వినబడేట్టు చెప్పేది.

"అన్నం వార్చి పెట్టినా. చారు పొయ్యి మీద ఉండాది. నేను ఫైటుకు పోతా ఉండా. ఎవురికి ఆకలేస్తే వాళ్ళు పెట్టుకోండి."

ఫైటుకే పోయేది. పాటలకో కథకో పోయినట్టు ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. చేతిసంచిలో స్టీలు డబ్బా నిండా ఉప్పేసి ఉడికించిన శెనక్కాయలు. హాలు గేటు దగ్గర అందరి సంచులూ వెతికే మనిషి ఆమె సంచిని ముట్టుకోడు. ఒకసారి ముట్టుకున్నాడట. అప్పుడు వాళ్ళ అమ్మ తుంటి విరిగి అత్త ఇంట్లోనే పడుకొని ఉంది. "మీ అమ్మకు పెట్టినవే ఇవి. నువ్వూ రెండు తిను" అని గుప్పెడు అతని చేతిలో పోసి లోపలికి పోయిందట.

పెద్ద సినిమాల్లో ఉండేవన్నీ ఆమెకు తెలుసు. ప్రతి ఒక్కదానికీ ఆమె దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. హీరో మొదటిసారి తెర మీదికి వస్తాడు. ముందు బూటు, ఆ తర్వాత చెయ్యి, ఆ తర్వాత వీపు. హాలంతా కాగితాలు ఎగరేస్తుంటే ఆమె శెనక్కాయల డబ్బా మూత తీసుకుంటూ "వచ్చినాడు కదా, ఇంగ మొదులు పెట్టమను" అనేది. అతను మెల్లమెల్లగా, దుమ్ము రేపుకుంటూ నడిచి వస్తుంటే ఆమెకు ఓపిక ఉండేది కాదు. "ఇంత నిదానంగా నడిస్తే ఈయప్ప ఎప్పుడు పోయి కొట్టల్ల?" పెద్ద డైలాగు చెబుతున్నప్పుడు జనం ఊగిపోయేవాళ్ళు. ఆమెకు మాత్రం ఎదురుగా నిలబడ్డ రౌడీల మీదే జాలి. "ఈయప్ప మాట్లాడేసి కొడతాడు. మాట్లాడినంతసేపూ వాళ్ళు ఎండలో నిలబడుకోనే ఉండల్ల, పాపం."

విలన్ ఇల్లు చూపించినప్పుడల్లా ముందుకు వంగి పరీక్షగా చూసేది. కోట లాంటి ఇల్లు, ముందు తుపాకులు పట్టుకొని మనుషులు. "ఇంత పెద్ద ఇంట్లో ఆడమనిషి ఒకతి కూడా ల్యా. మగోళ్ళు ఎవురూ పొయ్యి దగ్గరికి పోయినట్టు ల్యా. ఇంతమందికీ కూడు ఎవురు వండతారు? అందుకే అందురూ అంత కోపంగా ఉండారు." తల్లి సెంటిమెంటుకు ఏడ్చేది కాదు. హీరో తల్లి దీపం పెట్టి ఎదురుచూస్తుంటే "కొట్టించుకున్నోళ్ళకూ అమ్మలుండారు. వాళ్ళ ఇండ్లల్లో ఎవురు ఏడస్తా ఉండారో ఒగ సినిమాలో కూడా సూపించరు" అనేది. కథ మధ్యలో ఆపేసి మిగతాది రెండో భాగంలో అని తెర మీద వేసిన రోజైతే నిజంగా కోపం వచ్చింది. "సగం కూడు పెట్టి, మిగతాది రెండేండ్లకు పెడతా, ఆకలిని అట్లే పెట్టుకో అంటే ఎట్లప్పా?" అని హాలు బయట టీకొట్టు ముందు నిలబడి పోయేవాణ్ణీ వచ్చేవాణ్ణీ అడిగింది.

కంప్యూటరుతో చేసిన ఏనుగులూ పులులూ కొండచరియలూ వచ్చినప్పుడు మాత్రం వెనక్కి వాలి కాళ్ళు చాపుకునేది. అందరూ నోరు తెరిచి చూసే ఘట్టంలో ఆమె శెనక్కాయలు వలిచేది. "ఇది బొమ్మలే. దీని కింద నిజంగా ఎవురూ పడరు."

మనుషులు మనుషులను కొట్టే ఫైటు వచ్చిందా, ఇక ఆమె ఆమె కాదు. నిటారుగా కూర్చుంటుంది. కళ్ళు తెర నడుమ ఉండవు. అంచుల్లో, అడుగున, కెమెరా వదిలేసిన మూలల్లో తిరుగుతుంటాయి. "ఆ చారల బనీను లేచినాడా? ఏమ్మే, నువ్వు అటు సూడు, నేను ఇటు సూస్తా. లారీ మీదినుంచి పడినోడు యాడ?" ఎవరైనా బాగా పడితే, అంటే గాలిలో ఒక చుట్టు చుట్టి, గోడను గుద్దుకొని, జారి కింద పడి, మళ్ళీ కదిలితే, రెండు వేళ్ళు నోట్లో పెట్టి విజిలేసేది. చిన్నప్పుడు సజ్జచేలో చిలకలను తోలడానికి నేర్చిన విజిలది. హాలు వెనక్కి తిరిగి చూసేది.

పడేవాళ్ళకు ఆమె పెట్టుకున్న పేర్లున్నాయి. గుండాయన, పిల్లిగడ్డం, దూలం లాంటాయన, మెడ పట్టుకొనేవాడు. ఏ హీరో సినిమా అయినా, తమిళం నుంచి వచ్చిందైనా, వాళ్ళను ఆమె కనిపెట్టేది. "ఈ గుండాయన పోయిన సినిమాలో సముద్రంలో పడె కదా. నీళ్ళు మింగినట్టుండాడు. ఈడ మనిషి రొంత చిక్కినాడు సూడు."

ఒకసారి అడిగాను. "అందురూ హీరోను చూస్తా ఉంటే నువ్వేందత్తా, వీళ్ళను చూస్తావు?"

"ఆయన్ని సూసేదానికి హాలంతా ఉండారు కదమ్మే" అంది. "ఒగ మనిషి అంత ఎత్తునుంచి పడితే, లేచినాడా ల్యాదా అని ఒగరన్నా సూడొద్దా?"

ఆ మాటలో ఆమెకు ఏ కొంచెం సందేహమూ లేదు. తాను చూసేదే అసలు సినిమా అనీ, మిగతా హాలు పక్క చూపులు చూస్తోందనీ ఆమె నమ్మకం.

ఒక వానాకాలం సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. బక్కగా గట్టిగా ఉన్న నడివయసు మనిషి దిగుతున్నాడు. మోకాలి కింద వెదురు బద్దలు పెట్టి కట్టిన కొత్త కట్టు. పక్కన అతని భార్య ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో అతన్నీ పట్టుకొని ఉంది. అత్త గది తాళం తీసి వాళ్ళకోసం మెట్ల మీద నిలబడింది.

తడి బండ మీద అతని ఊతకర్ర జారింది. భార్య "అయ్యో" అని అరిచింది. అతను పడలేదు, ఆటో కమ్మీ అందింది. కానీ పడబోయిన ఆ క్షణంలో అతని ఎడమచెయ్యి గబుక్కున మెడ వెనక్కి పోయి అతుక్కుంది.

అత్త మెట్టు మీద అట్లాగే బిగుసుకుపోయింది.

"మెడ పట్టుకొనేవాడు!" అంది.

అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమై నోరు తెరిచాను.

"నువ్వు అరిటికాయల బండి మీద పడినావు. అద్దాల మేడ పైనుంచి పడినావు. ఒగ సినిమాలో గుడి రథం కింద దొర్లినావు, నీ మింద ఇంగో ఇద్దురు పడినారు. పడేటప్పుడు ఎడంచెయ్యి మెడ మిందికి పోతాది. నిజమా, కాదా?"

ఆ మనిషి ఆటోను పట్టుకొనే నిలబడి భార్య ముఖంలోకి చూశాడు. వాన తుంపర పడుతోంది. మాట్లాడింది భార్యే. వాళ్ళ తాతల కాలంలోనే మద్రాసుకు పోయిన తెలుగువాళ్ళు.

"అక్కా, నేనే ఈయన్ని తెర మీద కనుక్కోలేను. ఇదిగో వస్తున్నా అని చెప్పేలోపల పోయి ఉంటాడు. మా పిల్లలు స్కూల్లో చెబితే ఎవరూ నమ్మరు. మీరెట్లా కనుక్కున్నారు?"

"ఎట్లా ఏముండాది, సూస్తే కనపడతాడు" అంది అత్త. "ముందు లోపలికి రాండి, తడస్తా ఉండారు."

ఆ వారమంతా సాయంత్రాలు వరండా కచేరీ అయింది. అతను అరుగు మీద కాలు చాపుకొని కూర్చునేవాడు. అత్త ఎదురుగా పీట వేసుకొని ఏళ్ళ తరబడి దాచుకున్న అనుమానాలన్నీ తీర్చుకునేది. మెడ సంగతి ముందే అడిగింది. మొదటిసారి పడ్డప్పుడే మెడ పట్టేసిందట. అప్పటినుంచి వద్దన్నా చెయ్యి అక్కడికే పోతుందట. "మా ఫైటు మాస్టరు తిడతాడు అక్కా. చచ్చేవాడు మెడ ఎందుకురా పట్టుకుంటాడు అని."

"మీ మాస్టరుకేం తెల్సు? అది సూసే కదా నేను నిన్ను కనుక్కొనింది."

కింద అట్టపెట్టెలూ పరుపులూ పరిచి ఉంటాయనీ, పగిలే అద్దం ఇంట్లో అద్దం లాంటిది కాదనీ, నడుముకు తాడు కట్టి వెనకనుంచి మనుషులు లాగితేనే అంత దూరం ఎగురుతారనీ అతను చెప్పాడు. ఇదంతా వింటే ఆమె నిరుత్సాహపడుతుందని అనుకున్నాను. ఆమెకు ఇంకా సంతోషమైంది. "అయితే గుండాయనకు ఆ పొద్దు సముద్రంలో ఏమీ కాలేదా?" అంది ఆత్రంగా. అతను నవ్వి, ఫోన్ తీసి, నేరుగా గుండాయనకే చేశాడు. అత్త ఫోన్ అందుకొని, ముందూ వెనకా లేకుండా "ఏమప్పా, నీళ్ళు మింగినావు కదా?" అని అడిగింది. అవతలినుంచి ఒక పెద్ద నవ్వు. "మింగినా అమ్మా! మూడు రోజులు గొంతు మండింది" అని తమిళ యాసలో ఆ గొంతు చెప్పింది. అత్త నా వంక చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. కలెక్టరు పరీక్ష పాసైనవాళ్ళు అట్లా చూస్తారు.

కాలు విరిగిన సంగతి మాత్రం అతను తనంతట చెప్పలేదు. అత్త అడిగిన రోజు తలవంచుకున్నాడు.

"నాదే తప్పక్కా. హీరో తంతాడు, నేను ఎగిరి జీపు మీదుగా పోయి పరుపు మీద పడాలి. ఎన్నోసార్లు చేసిందే. కాలు సరిగ్గా ఎత్తలేకపోయాను, జీపుకు తగిలి పక్కకు పోయి నేలమీద పడ్డాను. వయసైపోయింది. ఇంక నా వల్ల కాదు."

అతను లేచి గదిలోకి పోయాక భార్య నెమ్మదిగా చెప్పింది. తెలిసినవాళ్ళ అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని చూసిపెట్టిందట. దెబ్బ తగిలినప్పటినుంచీ అతను సరిగ్గా నిద్రపోవడం లేదట. కాలు నొప్పికి కాదు. "నాకు పడటం కూడా రాకుండా పోయింది అంటాడు అక్కా. రాత్రిళ్ళు అదే మాట."

అత్త ఆమెకు ఓదార్పు మాటలు ఏమీ చెప్పలేదు. "ఆ సినిమా ఎప్పుడొస్తాది?" అంది.

"ఎండాకాలంలో."

"మీరిద్దురూ ఆ పొద్దు ఈడికి రావల్ల. నా పక్కన కూర్చోని సూడల్ల. నేను సూడకుండా ఆయప్ప తప్పు ఆయప్పదే అని నేనెందుకు ఒప్పుకుంటా?"

వాళ్ళు వచ్చారు. అప్పటికి ఎముక అతుక్కుంది, నడకలో చిన్న కుంటు మిగిలింది. వాచ్‌మన్ పనిలో చేరడానికి ఒప్పుకున్నాడు, ఒకటో తేదీ నుంచి పోవాలి. నాకు బడి సెలవులు. నలుగురం మొదటి రోజు ఉదయం ఆటకు పోయాం. హాలు ముందు డప్పులు, బాణసంచా, హీరో కటౌటుకు పాలాభిషేకం. అతను తలవంచుకొని, దొంగలా గోడ వారగా నడిచాడు. అత్త అతని జబ్బ పట్టుకొని నడిమధ్యలోంచి నడిపించుకుపోయింది.

ఇంటర్వెల్‌కు ముందు ఆ ఫైటు వచ్చింది. హాలు దద్దరిల్లిపోతోంది. అత్త శెనక్కాయల డబ్బా నా ఒళ్ళో పడేసి నిటారుగా కూర్చుంది. హీరో తిరిగాడు, కాలు లేచింది, ఎవరో ఒక మనిషి దుమ్ములో వెనక్కి ఎగిరిపోయాడు. కన్ను మూసి తెరిచేంత సేపు. నేను చూసింది హీరో కాలును మాత్రమే. అత్త లేచి నిలబడి విజిలేసింది. హీరో పేరు పెట్టి హాలంతా అరుస్తుంటే ఆమె ఒక్కతే "మెడ పట్టుకొనినాడు! అదిగో!" అని అరిచింది.

వెంటనే ఇంటర్వెల్ పడింది. లైట్లు వెలిగాయి. మా వెనక వరస కుర్రాళ్ళు, తలకు హీరో బొమ్మ ఉన్న రిబ్బన్లు కట్టుకున్నవాళ్ళు, మా ముందుకు వచ్చి నిలబడ్డారు. అందులో పొడుగాటివాడు కోపంగా ఉన్నాడు.

"ఏమ్మా, మా అన్న కొడితే, నువ్వు పడినోడికి విజిలేస్తావా? వేరే హీరో ఫ్యానా నువ్వు?"

"నేను పడినోళ్ళ ఫ్యానురా" అంది అత్త, కూర్చున్న చోటునుంచే. "మీ అన్న కాలెత్తినాడు. ఎగిరింది ఎవురు? ఈయప్ప ఎగరకుంటే మీ అన్న కాలు ఎత్తినెట్టే నిలబడుకోనుండల్ల, కొంగ మాదిరి."

ఒకడు ముందుకు తోసుకొచ్చాడు. అత్త తన పక్కనున్న మనిషిని చూపించింది. "అదిగో, ఇప్పుడు ఎగిరిన మనిషి ఈయనే. కాలిరిగి మన ఊర్లోనే కట్టు కట్టించుకున్నాడు. మాట్లాడేదుంటే ఆయనతో మాట్లాడండి."

పొడుగాటివాడు అతని వంక చూశాడు. ప్యాంటు కిందనుంచి కనబడుతున్న కాలి మచ్చను చూశాడు. ముఖం మారిపోయింది. అతని ముందు గొంతుక్కూర్చుని, గుసగుసగా అడిగాడు.

"అన్నా, నిజంగానే మా అన్నను దగ్గిర్నుంచి చూసినావా? ఎట్లుంటాడన్నా?"

అత్తకు మండిపోయింది. "ఈయన కాలు ఎట్లుండాదని అడగరా ముందు!" అంది. కానీ అతను నవ్వాడు. ఆ రోజు మొదటిసారి నవ్వడం అది. "మంచోడు తమ్ముడూ. ప్రతి షాటు తర్వాతా చెయ్యిచ్చి లేపుతాడు. ఆ రోజు కూడా చెయ్యి ఇచ్చాడు, నేనే లేవలేకపోయాను." కుర్రాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకొని మురిసిపోయారు.

వాళ్ళు అట్లా గుమికూడి ఉండగానే అత్త అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇది చెప్పు. నువ్వెందుకు ముందే ఎగిరినావు?"

"ముందా?"

"ఆయప్ప కాలు నీ దగ్గరికి ఇంగా రాలేదు. నీ కాలు భూమ్మిందే ఉండాది, నడుము మాత్రం ఎనక్కి పోయింది. ఎవురో ఎనకనుంచి గుంజినెట్టు. నేను సూస్తిని కదా."

అతని ముఖంలో రంగు పోయింది. రెండో సగం మొదలైంది. అతను తెర వైపు చూడలేదు. తన రెండు చేతుల వైపే చూసుకుంటూ, వేళ్ళతో ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కదిలిస్తూ కూర్చున్నాడు. సినిమా అయిపోగానే నోరు తెరిచాడు.

"అక్కా, ఇంకొక ఆట చూద్దామా?"

మధ్యాహ్నం ఆటకు టిక్కెట్లు లేవు. పొడుగాటివాడు ఆ ఆటకూ టిక్కెట్లు కొనుక్కున్న తన గుంపులోంచి నలుగుర్ని బయటికి లాగి, వాళ్ళ టిక్కెట్లు మా చేతిలో పెట్టాడు. "మీరు పోండన్నా. వీళ్ళు నిలబడుకోని సూస్తారు" అన్నాడు.

ఈసారి నేను కూడా హీరోను వదిలేసి అతని కోసమే చూశాను. ఆ ఒక్క క్షణంలో నాకు కనబడింది. కాళ్ళు నేల మీదే ఉన్నాయి. నడుము వెనక్కి వంగింది. ఆ తర్వాతే హీరో కాలు వచ్చింది. హాలు మధ్యలోంచి కుర్రాళ్ళ కేక వినబడింది, "అదిగో మన పుత్తూరన్న!" నేను పక్కకు తిరిగాను. ఆ మనిషి రెండు చేతులతో ముందు సీటును పట్టుకొని ముందుకు వంగి ఉన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. భార్య భయపడి అతని భుజం పట్టుకుంది.

బయట టీకొట్టు దగ్గర గ్లాసు పట్టుకొని, తాగకుండా, అతను చెప్పాడు.

"నా తప్పు కాదు. తాడు ముందే లాగేశారు. పాపం, ఆ వెనక ఉన్న పిల్లవాడు కొత్తవాడు, అరుపు విని సైగ అనుకొని ఉంటాడు. నేను నేలను తన్నకముందే లాగాడు. తన్నకపోతే కాలు ఎట్లా లేస్తుంది?" ఆగి, భార్య వైపు తిరిగాడు. "నాకు పడటం వచ్చు. పోలేదు."

"వచ్చులే" అంది ఆమె. "మళ్ళీ పడతావా?"

అతను టీ ఒక్క గుక్కలో తాగి గ్లాసు పెట్టేశాడు.

"పడను" అన్నాడు. "తాడు పట్టుకుంటా. పడేవాణ్ణి ఎప్పుడు లాగాలో పడినవాడికే తెలుస్తుంది. మాస్టరును అడుగుతా. ఇయ్యకపోతే వాచ్‌మన్ పని యాడికీ పోదు."

మాస్టరు ఇచ్చాడు. మొదట ఒక తాడు ఇచ్చాడట. కొన్నాళ్ళకు తాళ్ళు పట్టేవాళ్ళందరికీ సైగ ఇచ్చే పని అతనికే అప్పగించాడు. పెద్ద సినిమా ఏది వచ్చినా ముందురోజు అతని దగ్గరినుంచి అత్తకు ఫోన్ వచ్చేది. ఏ ఫైటు తనది, ఎవరు ఎక్కడనుంచి పడతారు, అన్నీ చెప్పేవాడు. అయినా ఆమెకు నమ్మకం కుదరదు. హాలుకు పోయి, ఒక్కొక్కరినీ కళ్ళతో వెతికి, లేచారని చూసుకొని, ఇంటికొచ్చి అతనికి తిరిగి ఫోన్ చేసేది. "ఆ కొత్త పిల్లోడు మోచెయ్యి రాసుకుంటా ఉండె. అడుగు వాణ్ణి." అడిగితే నిజమే అయ్యేది.

నా పెళ్ళయి తిరుపతికి వచ్చేశాను. అత్తకు మోకాళ్ళు పట్టేశాయి. పుత్తూరు హాల్లో మెట్లు ఎక్కలేక, పెద్ద సినిమా వచ్చినప్పుడు బస్సెక్కి మా ఇంటికి వచ్చేది. ఇక్కడ లిఫ్టు ఉంది, మెత్తటి సీట్లున్నాయి. శెనక్కాయలు మాత్రం లోపలికి పోనివ్వరు. దానికి ఆమె కొంగు ఉంది.

ఆమె చూసిన చివరి ఫైటు కిందటేడు. రైలు పైకప్పు మీద. ముందురోజు మెడ పట్టుకొనేవాడు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టి విన్నది కాబట్టి నాకూ తెలుసు.

"అక్కా, ఇది ఇప్పటిదాకా చేసినవాటిలో పెద్దది. రైలు మీదనుంచి అంతమంది పడతారు. ప్రతి తాడూ నా కళ్ళ ముందే లాగించాను. ఒక్కడికి కూడా గీత పడలేదు. నాది పూచీ. ఈ ఒక్కటీ నిమ్మళంగా చూడు."

"సరేలే" అంది అత్త.

మరుసటి రోజు హాల్లో ఆ ఫైటు వచ్చింది. రైలు కూత, గాలి, ఇనుము మీద ఇనుము చప్పుడు. మనుషులు ఒకరి వెనక ఒకరు పైకప్పు మీదనుంచి గాలిలోకి ఎగిరి పోతున్నారు. నేను అలవాటు కొద్దీ ఎడమ మూలకు చూడటం మొదలుపెట్టాను. కుడివైపు ఆమె చూసుకుంటుంది కదా అని. ఎంతసేపటికీ పక్కనుంచి చప్పుడు లేదు. "వాడు లేచినాడా" లేదు, విజిలు లేదు. ఏమైందోనని భయపడి తిరిగి చూశాను.

అత్త వెనక్కి వాలి కూర్చుని ఉంది. కాళ్ళు చాపుకుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. తెర వెలుగు ముఖం మీద పడుతుంటే, కళ్ళు తెర నడిమధ్యలో, రైలు మీద జుట్టు ఎగురుతూ నిలబడ్డ మనిషి మీద ఉన్నాయి. చాలాసేపు అట్లాగే చూసింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగింది.

"ఏమ్మే, ఈ పిల్లోడు ఎవురే? బాగుండాడే!"

నేను నమ్మలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా ఈ రాష్ట్రంలో ఏ గోడ మీద చూసినా ఆ ముఖమే. అతని ప్రతి సినిమాకూ ఆమె మొదటిరోజే పోయింది. సగం వాటికి పక్కన నేనే ఉన్నాను. పేరు చెప్పాను. "ఈయన సినిమాలన్నీ చూసినావు కదత్తా! ఒగటి కూడా వదల్లేదే నువ్వు!"

అత్త తెరమీదనుంచి కళ్ళు తిప్పలేదు. కొంగులోంచి ఒక శెనక్కాయ తీసి, నిదానంగా వలిచి, నోట్లో వేసుకుంది.

"పోతిని, నిజమే" అంది. "ఈయన్ని సూసేదానికి నాకు యాడ తీరిందే, ఇన్ని దినాలూ?"